వెనక కాళ్లు పడిపోయినంత మాత్రాన...

పరీక్ష బల్ల మీద కుక్క పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. డాక్టరు ఫోర్సెప్స్‌తో దాని వెనక కాలి వేలిని, ఎముకకు తగిలేలా, గట్టిగా నొక్కుతాడు. కాలు చటుక్కున ముడుచుకుంటుంది. తీసుకొచ్చినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. ‘కదిపింది డాక్టరుగారూ, కాలు కదిపింది!’ అంటారు. ఆయన చూపు మాత్రం కుక్క ముఖం మీదే ఉంటుంది. అది తల తిప్పి చూసిందా? మూలిగిందా? నొక్కిన చేతిని కరవబోయిందా? ఆయనకు కావలసిన జవాబు అక్కడుంది.

కాలు ముడుచుకోవడానికి మెదడుతో పనిలేదు. వేలి నుంచి బయల్దేరిన కబురు వెన్నుపాము దాకా వెళ్లి, అక్కణ్నుంచే వెనక్కి మళ్లి కండరానికి చేరిపోతుంది. నడుం దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నా కింది భాగం ఈ పని చేస్తూనే ఉంటుంది. ఆ కబురు మెదడుకు చేరితేనే నొప్పి తెలుస్తుంది. దీన్ని పశువైద్యులు ‘డీప్ పెయిన్’ అంటారు. కుక్క భవిష్యత్తు చాలావరకు ఈ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది. వెన్నుపూసల మధ్య డిస్క్ జారి కాళ్లు పడిపోయినా, నొప్పి ఇంకా తెలుస్తుంటే, వేళకు ఆపరేషన్ చేసినవాటిలో పదింట సుమారు తొమ్మిది మళ్లీ నడుస్తాయి. నొప్పి కూడా తెలియని స్థితికి చేరితే ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. బండి గుద్ది వెన్నుపూస విరిగి, జరిగి, నొప్పి తెలియకుండా పోతే ఆశ చాలా తక్కువ.

మా గౌరి ఈ చివరి రకం. వీధిలో పుట్టి, మా గేటు ముందు పెరిగి, ఒక రాత్రి ఏదో బండి కింద పడి నడుం విరగ్గొట్టుకుంది. ఎక్స్‌రేలో పూస ఒకటి పక్కకు జరిగి కనిపించింది. వేలు నొక్కితే కాలు ముడిచింది గానీ ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంటికి తెచ్చిన సాయంత్రం మా అత్తయ్యగారు నన్ను పక్కకు పిలిచి, ‘నోరులేని జీవాన్ని ఎందుకమ్మాయ్ అలా హింసపెడతారు, సూది వేయించెయ్యండి’ అన్నారు. ఆవిడ జాలితోనే అన్నారు. ఆవిడ ఎరిగిన కుక్కలన్నీ కాళ్లు ఈడ్చుకుంటూ, ఒళ్లు పుళ్లుపడి, పురుగుపట్టి, ఏ చెట్టుకిందో కన్నుమూసినవే.

ఆ చావుల్ని దగ్గర్నుంచి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. చచ్చుబడ్డ కాళ్ల వల్ల ఏ కుక్కా చనిపోదు. నిండి పొంగిన మూత్రాశయం, అక్కణ్నుంచి మూత్రపిండాలకు పాకిన ఇన్ఫెక్షన్, నేలకు రాసుకుని చిట్లిన చర్మం, ఆ పుండు మీద వాలిన ఈగ చంపుతాయి. వీటిలో మనిషి చేతికి అందనిది ఒక్కటీ లేదు. చక్రాల బండి కట్టుకుని పరిగెత్తే కుక్కల వీడియోలు ఫోన్లలో అందరం చూస్తున్నాం, సంతోషిస్తున్నాం. చక్రాలు వచ్చేది చాలా తర్వాత. అంతకుముందు రోజూ మూడు నాలుగు పూటలు వేళ తప్పకుండా పనిచేసే రెండు చేతులు కావాలి. ఆ పని ఎలా ఉంటుందో తెలియకే చాలా ఇళ్లలో సూది నిర్ణయం మొదటి వారంలోనే జరిగిపోతోంది.

కారణం తెలియాలి

కాళ్లు పడిపోయాయనగానే అందరూ పక్షవాతం అనేస్తారు. వెనక కారణం ఏదన్నదాన్ని బట్టి చేయాల్సింది మారిపోతుంది.

పొడుగు ఒళ్లూ పొట్టి కాళ్లూ ఉండే డాక్స్‌హండ్‌లో డిస్క్ లోపలి జెల్లీ లాంటి పదార్థం ఏడాది వయసుకే సున్నం పట్టి గట్టిపడటం మొదలవుతుంది. పొట్టి కాళ్లకు కారణమైన జన్యువే ఇందుకూ కారణమని 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు తేల్చారు. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు ప్రతి ఒకటి పన్నెండో క్రోమోజోమ్ మీద వచ్చి చేరింది. బీగిల్, పెకినీస్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి జాతులకూ ఈ బెడద ఉంది. మూడు నుంచి ఏడేళ్ల వయసులో, ఏ సోఫా మీంచో దూకినప్పుడు, గట్టిపడ్డ పదార్థం బయటికి చిమ్మి వెన్నుపామును నొక్కేస్తుంది. ఎక్కువగా పక్కటెముకలు ముగిసి నడుం మొదలయ్యే చోట జరుగుతుంది. ఛాతీ పై భాగంలో ఇటు పక్కటెముక తలనూ అటు పక్కటెముక తలనూ కలుపుతూ డిస్క్ మీదుగా ఒక బలమైన పట్టీ ఉంటుంది, అది డిస్క్‌కు కాపలా. పదో పూస దాటాక ఆ కాపలా లేదు.

2003లో పగ్గుతో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక మన ఊళ్లలో పగ్గులకు ఎంత గిరాకీ వచ్చిందో గుర్తుండే ఉంటుంది. వాటి బాధ వేరు. ముచ్చటగా చుట్టుకున్న ఆ తోక కోసం తరతరాలుగా ఎంచి ఎంచి పెంచడంతో కొన్నిటికి వీపు పూసలు కూడా సగం సగంగా, వంకరగా ఏర్పడుతున్నాయి. ఏ దెబ్బా తగలకుండానే, నొప్పి లేకుండానే నెలల తరబడి నడక తూలుతూ వచ్చి చివరికి కాళ్లు ఆగిపోతాయి. కాళ్లకంటే ముందే ఇంట్లో అక్కడక్కడా మల విసర్జన జరిగిపోతుంటే చాలామంది అలవాటు తప్పిందని కొడతారు. దయచేసి కొట్టకండి. దానికి తెలియకుండానే అవుతోంది.

ఎనిమిదేళ్లు దాటిన జర్మన్ షెపర్డ్ వెనక కాలి గోళ్లు నేలకు రాస్తూ నడుస్తుంటే తుంటి కీలు అరుగుదల కావచ్చు, వెన్నుపాము క్షీణించే జబ్బు కావచ్చు. రెండో దానికి సంబంధించిన ఎస్‌ఓడీ1 జన్యులోపాన్ని 2009లో గుర్తించారు. మనుషుల్లో ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుకు కొన్ని కుటుంబాల్లో కారణమయ్యేదీ ఈ జన్యువే. కుక్కల్లో ఈ జబ్బుకు మందు లేదు, కొద్ది నెలల నుంచి ఏడాదిలో వెనక కాళ్లు పూర్తిగా పడిపోతాయి, ఆ తర్వాత ముందు కాళ్లకూ పాకుతుంది. అది ముందే తెలిస్తే ఆపరేషన్లకు పరిగెత్తడం మానేసి, ఆ కొద్దికాలం హాయిగా గడిచేలా చూడొచ్చు.

వీధి కుక్కల్లో, టీకాలు వేయించని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ సంగతి మరిచిపోకూడదు. కాలో దవడో లయగా ఎగిరెగిరి పడుతుంటే అనుమానించాలి. అన్నిటికన్నా ముందు కొట్టేయాల్సింది రేబిస్‌ను. పిచ్చికుక్క అంటే మీద పడి కరిచేదే అనుకుంటాం. మూగ రేబిస్ వేరుగా వస్తుంది. దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, గొంతు మారుతుంది, కాళ్లు పడిపోతాయి. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టినవాళ్లున్నారు. టీకా చరిత్ర తెలియని వీధి కుక్కకు, దెబ్బ ఏదీ కనిపించకుండా, ఈ లక్షణాలు కలిసి వస్తే ముట్టుకోకుండా పశువైద్యుణ్ని పిలవండి. లాలాజలం గాయానికి తగిలితే సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి.

మొదటి రాత్రి

దెబ్బ తగిలిన కుక్కను చంకల కింద చేతులు వేసి ఎత్తితే నడుం వేలాడుతుంది, అప్పటిదాకా నలిగిన వెన్నుపాము అప్పుడు తెగొచ్చు. ప్లైవుడ్ ముక్క, ఇస్త్రీ బల్ల, ఏదీ దొరక్కపోతే నలుగురు నాలుగు కొసలు లాగి పట్టుకున్న దుప్పటి వాడండి. దాని మీదికి కుక్కను ఎత్తకుండా, ఒళ్లంతా ఒకేసారి కదిలేలా జరపండి. నొప్పిలో ఎంత పెంపుడు కుక్కయినా కరుస్తుంది. ఊపిరి బాగానే ఆడుతుంటే, వాంతి లేకపోతే, మెత్తటి గుడ్డతో మూతి వదులుగా కట్టండి.

ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు. మనకు మందైనవి దానికి విషమవుతాయి. ఇంకో ప్రమాదం ఏమిటంటే, డాక్టరు స్టెరాయిడ్ ఇస్తే నొప్పి మాత్రతో కలిసి కడుపులో పేగుకు చిల్లు పడొచ్చు. ఏం ఇచ్చారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. వావిలాకు కాపడాలు, వేడి ఇసుక మూటలు, ఆవనూనె మర్దనాలు అందరూ చెప్తారు. స్పర్శ లేని చర్మానికి వేడి తెలియదు. అది అరవదు. మీరు మూట తీసి చూసేసరికి బొబ్బలు లేచి ఉంటాయి.

కాళ్లు తూలుతూ కొంచెమైనా నడుస్తున్న కుక్కకు, డిస్కే కారణమైతే, కదలనివ్వకపోవడం పెద్ద మందు. కనీసం నాలుగు వారాలు చిన్న బోనులోనో, మూలన అడ్డు కట్టిన చోటులోనో ఉంచాలి. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. పదో రోజుకు కొంచెం తేరుకుని తోకాడిస్తే మురిసిపోయి వదిలేస్తారు, అది మంచమెక్కి దూకుతుంది. నొప్పి తగ్గిందంటే డిస్క్ మానిందని కాదు.

రోజుకు నాలుగుసార్లు

ఇదే ఈ మొత్తం పనికి గుండెకాయ. దీని గురించి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఎక్కువసార్లు ఒక్క వాక్యంతో సరిపెడతారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నడుం పైన దెబ్బ తగిలిన కుక్క మూత్రాశయం నిండుతూనే ఉంటుంది, కానీ తలుపు తెరుచుకోదు. మరీ నిండాక బొట్లు బొట్లుగా కారుతుంది. పక్క తడిసింది కదా, పోస్తూనే ఉంది కదా అని ఇంటివాళ్లు నిశ్చింతగా ఉంటారు. అది పోయడం కాదు, పొర్లడం. లోపల సంచి సాగి సాగి, దాని గోడ కండరం పాడైపోతుంది. మిగిలిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాళ్లకు బాగైనా సంచికి బాగుకాని కుక్కలు ఉన్నాయంటే కారణం ఆ మొదటి కొద్ది రోజుల నిర్లక్ష్యమే.

నొక్కి పోయించడం పుస్తకం చదివి వచ్చే విద్య కాదు. డాక్టరు తన చేతిని మీ చేతి మీద వేసి నేర్పాలి, నేర్పమని అడగండి, సిగ్గుపడకండి. మా ఇంట్లో గౌరిని బాత్రూమ్‌లో నిలబెడతాను. పొట్ట కింద పాత తువ్వాలు వేసి పైకి పట్టుకుంటుంది మా అమ్మాయి. గౌరి తల అటు, నేను తోక వైపు. రెండు అరచేతులూ పొట్టకు రెండు పక్కలా, తొడలకు కాస్త ముందు, వేళ్లు చాపి ఆనిస్తాను. గోళ్లతో పొడవకూడదు. మెల్లగా లోపలికి వెళ్తే చేతుల మధ్య బత్తాయి కాయలా గుండ్రంగా, బిగుతుగా ఒకటి తగులుతుంది. పేగులైతే జారిపోతాయి, అది జారదు. దాన్ని రెండు వైపులా సమంగా, తోక వైపుకు, ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతూ నొక్కాలి. గౌరి ముందు పొట్ట బిగబడుతుంది. అప్పుడు బలం పెంచకుండా చేతులు అలాగే ఉంచి ఆగాలి. దాని ఊపిరి వదులయ్యే క్షణంలో మూత్రం ధారగా వస్తుంది. ధార ఆగాక మళ్లీ తడిమి చూస్తే సంచి చేతికి తగలకూడదు. ఒక్కుదుటున గట్టిగా నొక్కితే సంచి పగిలే ప్రమాదం ఉంది. బలం పెట్టాల్సి వస్తోందంటే చేయడం ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. తలుపు వదులయ్యేందుకు మందులున్నాయి.

నడుం కింది భాగంలో దెబ్బ తగిలితే దీనికి వ్యతిరేకం. సంచి మెత్తగా, వదులుగా ఉండి ఎత్తినా దించినా కారిపోతుంది. పోయించడం తేలిక, ఒళ్లు పొడిగా ఉంచడం కష్టం.

మా ఇంట్లో ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదకొండు. ప్రతిసారీ నేల మీద పడినదాన్ని చూడాలి, వాసన చూడాలి. మసకగా ఉన్నా, ముక్కుపుటాలు అదిరే వాసనొచ్చినా, ఎర్రటి జీర కనిపించినా ఆ రోజే పరీక్షకు పంపాలి. మామూలు కుక్క మంట పుట్టి మూలుగుతుంది. దీనికి మంట తెలియదు. జ్వరమొచ్చి అన్నం మానేసేదాకా ఏ సూచనా ఇవ్వదు. ఏ గోలా లేకపోయినా అప్పుడప్పుడూ మూత్రం కల్చర్ చేయించడం మంచిది. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా వేస్తే కొన్నాళ్లకు ఏ మందూ పనిచేయని సూక్ష్మజీవి మిగులుతుంది.

మలం సంగతి ఇంత కష్టం కాదు. తిన్న కొద్దిసేపటికి, తోక కింద తడి దూదితో మెల్లగా రాస్తే చాలా కుక్కలకు వచ్చేస్తుంది. గట్టిపడితే ఉడకబెట్టిన గుమ్మడికాయ గుజ్జు కలపండి. ఆహారం మాత్రం జాలిపడి ఎక్కువ పెట్టకూడదు. ముందు కాళ్లు రెండే మొత్తం ఒళ్లు మోస్తున్నాయి. ఒక్క కిలో పెరిగినా మొయ్యాల్సింది ఆ భుజాలే.

మా అత్తయ్యగారు ఇప్పుడు టీవీ చూస్తూ చూస్తూ గడియారం వైపు తిరిగి, ‘పన్నెండు దాటుతోందమ్మాయ్, దానికి పోయించావా?’ అంటారు.

పక్క, పుండు, ఈగ

నున్నటి టైల్స్, గ్రానైట్ ఉన్న ఇల్లు ఈ కుక్కకు జారుడుబండ. ముందు కాళ్లకు పట్టు దొరికేలా గోనెపట్టాలు, యోగా మ్యాట్లు పరిస్తే భుజాలు బతికిపోతాయి. అయితే గచ్చు నేల మీద, రోడ్డు మీద ఈడ్చుకుంటూ తిరగనిస్తే కొద్ది గంటల్లో కాలి పైభాగం చర్మం ఒలిచేసినట్టు అవుతుంది. ఇంట్లో తిరిగేటప్పుడు నున్నటి గుడ్డతో కుట్టిన సంచిలో వెనక భాగం పెట్టి కడితే రాపిడి తగ్గుతుంది. బయటికైతే తువ్వాలు వేసి నడుం పైకి పట్టుకుని నడిపించండి.

పడుకున్నప్పుడు తుంటి ఎముక, మోచేయి, మడమ నేలకు నొక్కుకునే చోట్ల రక్తం ఆడక పుళ్లు పడతాయి. మూడు నాలుగు గంటలకోసారి పక్క తిప్పాలి. మందపాటి ఫోమ్‌కు రెగ్జిన్ తొడుగు వేసి, పైన కాటన్ దుప్పటి వేయండి. రెగ్జిన్ మీద నేరుగా పడుకోబెడితే చెమ్మ కిందే ఉండిపోతుంది. పెద్ద కుక్కలకు నేను చూసినవాటిలో బాగా పనికొచ్చింది కాళ్లు కోసి కిందికి దించిన నవారు మంచం. గాలి ఆడుతుంది, తడి కిందికి జారిపోతుంది. షెల్టర్లలో వల బిగించిన మంచాలు వాడేదీ ఇందుకే.

మూత్రం తగిలి నానిన చర్మం ఎర్రబడి ఒరుస్తుంది. గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా తుడిచి, పలచగా వ్యాజిలీన్ రాస్తే తడి అంటదు. తొడల దగ్గర వెంట్రుకలు కత్తిరించాలి. చిన్నపిల్లల డైపర్‌కు తోక కోసం చిల్లు పెట్టి వాడొచ్చు, కానీ పూటల తరబడి ఉంచితే అదే పుండుకు కారణమవుతుంది. డైపర్ మనింటి నేల కోసం. దాని ఒంటి కోసం కాదు.

ఈగ గురించి ఎంత చెప్పినా తక్కువే. ముఖ్యంగా వానాకాలంలో. పొద్దున చిన్న గీత అనుకున్న పుండు మీద ఈగ గుడ్లు పెడితే రోజు తిరక్కుండా పురుగు పుడుతుంది, లోపలికి తొలుస్తూ పోతుంది. కుక్క తల తిప్పి నాకుదామన్నా ఆ చోటు దానికి తెలియదు. అందుకే రోజుకోసారి తోక ఎత్తి, తొడల మడతలు విడదీసి, కాలివేళ్ల మధ్య చూసి, ఒళ్లంతా తడమాలి. పడుకునే చోట దోమతెర కట్టండి. పురుగు కనిపిస్తే టర్పెంటైన్ గుమ్మరించి పచ్చి మాంసాన్ని కాల్చకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నడక మళ్లీ వస్తుందా?

పొద్దున్నే కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఒక్కో కాలినీ సైకిల్ తొక్కుతున్నట్టు మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పాలి. వేలి నుంచి తుంటి దాకా ఒక్కో కీలూ మడిచి చాపాలి. చేయకపోతే కండరం కరిగిపోవడమే కాదు, కీళ్లు కర్రల్లా బిగుసుకుపోయి తర్వాత బండి కట్టడానికి కూడా వీలుండదు. ఆ తర్వాత నాలుగు పాదాలూ నేలకు ఆనేలా నిలబెట్టి, నడుం పట్టుకుని, కాస్సేపు అలా ఉంచాలి. డాక్టరు సరేనంటే, పుళ్లు లేకపోతే, నీళ్ల తొట్టి మంచి వ్యాయామశాల. నీరు ఒంటి బరువు మోస్తుంది, నేల మీద కదలని కాలు నీటిలో కదిలి కనిపిస్తుంది. తల పైకి ఉండేలా ఒక చెయ్యి ఎప్పుడూ గడ్డం కింద ఉండాలి.

నొప్పి ఎన్నటికీ తెలియని కుక్కలు కొన్ని నెలల తర్వాత లేచి, తూలుతూ, కాళ్లు మెలికలు పడుతూ నడవడం పశువైద్యంలో ఎరిగిన విషయమే. వెన్నుపాము కింది భాగంలో నడకకు కావలసిన లయ సొంతంగా పుట్టించే నరాల గుంపు ఉంది. మెదడు ఆజ్ఞ అందకపోయినా, రోజూ చేయించే కసరత్తుతో అది మేలుకోవచ్చు. తేలికపాటి చిన్న కుక్కలకు ఈ అవకాశం ఎక్కువ. అన్నిటికీ వస్తుందని మాటివ్వలేం. గౌరికి రాలేదు. అయినా ఆ కసరత్తే దాని కీళ్లను మెత్తగా ఉంచింది.

2012లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇళ్లలో పెరుగుతున్న 34 కుక్కల మీద చేసిన ప్రయోగం గురించి ఇక్కడ చెప్పాలి. వెన్ను దెబ్బతిని ఏడాది దాటినా బాగుపడనివి అవి. వాటిలో కొన్నిటికి ముక్కు లోపలి పొర నుంచి తీసిన కణాలను పెంచి వెన్నుపాములోకి ఎక్కించారు. జాస్పర్ అనే డాక్స్‌హండ్ ట్రెడ్‌మిల్ మీద నాలుగు కాళ్లతో నడుస్తున్న దృశ్యం ప్రపంచమంతా చూసింది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ పొందిక వచ్చింది. మూత్రం మీద అదుపు మాత్రం చాలావాటికి తిరిగి రాలేదు. ఆ వార్త చదివినప్పుడు అందరూ నడక గురించి మాట్లాడుకున్నారు. రోజూ బాత్రూమ్‌లో మోకాళ్ల మీద కూర్చునేవాళ్లకు మాత్రం ఆ చివరి వాక్యమే గుర్తుండిపోతుంది.

పైపులతో బండి

కుక్కల చక్రాల బండ్లు కొత్తవేం కావు. అమెరికాలో లింకన్ పార్క్స్ అనే పశువైద్యుడు 1960లలోనే చేసిపెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన దగ్గరా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. గౌరికి మాత్రం మా వీధి ప్లంబరు చేసిచ్చాడు. టేపు తీసుకుని గౌరి పక్కన గొంతుక్కూర్చుని, నేల నుంచి తొడ మొదలు దాకా ఎత్తు, తుంటి దగ్గర వెడల్పు, చంక నుంచి తోక దాకా పొడవు కొలిచి అరచేతి మీదే రాసుకున్నాడు. ముప్పావు అంగుళం పీవీసీ పైపులు, ఎల్బోలు, టీలు, పాత పిల్లల సైకిలు చక్రాలు తెచ్చాడు. ‘ముందే సొల్యూషన్ పెట్టొద్దు మేడమ్, తొడిగి చూద్దాం, దానికి సరిపోయాక అంటిద్దాం’ అన్నాడు. అంతకన్నా మంచి సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. మొదట తొడిగినప్పుడు వెనక భాగం పైకి లేచి బరువంతా మెడ మీద పడింది. పైపు కోసి, ఎత్తు తగ్గించి, వీపు నేలకు సమంగా వచ్చేదాకా మార్చాడు. తొడలు ఆనే చోట ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్ చుట్టాడు.

బండి ఎక్కించగానే పరిగెడుతుందని అనుకోవద్దు. గౌరి మొదట రాయిలా నిలబడిపోయింది. పిలిచి, మాంసం ముక్క చూపించి, ఒక్కో అడుగూ వేయించాం. పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. దించిన ప్రతిసారీ చంకల్లో, తొడల్లో ఎర్రగా కందిందేమో చూడాలి. బండిలో ఉన్న కుక్క పడుకోలేదు, చాలావరకు కూర్చోలేదు కూడా. అందుకే కట్టేసి వదిలి వెళ్లకూడదు. గుమ్మం దగ్గర చక్రం తట్టుకుని తిరగబడితే తనంతట తాను లేవలేదు. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీదికి తీయకూడదు, కాలిన తోలు దానికి తెలియదు. ముందు కాళ్లు కూడా బలహీనపడే జబ్బయితే నాలుగు చక్రాల బండి కావాలి.

ఇప్పుడు గౌరి సందు చివరిదాకా వెళ్లి, తన పాత శత్రువైన నల్ల కుక్క మీద మొరిగి, మలుపు దగ్గర చక్రం ఎత్తేసి మరీ వెనక్కి తిరిగి వస్తుంది.

సూది గురించి

సూది వేయించిన ప్రతివాళ్లూ రాతిగుండెవాళ్లని నేను అనను. కొన్ని కుక్కలకు అదే చివరి దయ. నొప్పి తెలియని స్థాయికి చేరిన డిస్క్ కేసుల్లో పదింట సుమారు ఒకదానికి మొదటి వారంలోపే వెన్నుపాము చనిపోతూ పైకి పాకుతుంది. పొట్ట కండరాలు వదులైపోతాయి, ముందు కాళ్లు పడిపోతాయి, చివరికి ఊపిరి తీసే కండరాలూ ఆగిపోతాయి. భరించలేని బాధ అది. అలాంటప్పుడు ఒక్క రాత్రి కూడా ఆలస్యం చేయకూడదు. మందులకు లొంగని నొప్పి, తిరిగి తిరిగి మూత్రపిండాలకు పాకే ఇన్ఫెక్షన్, తన కాలివేళ్లను తానే కొరుక్కునే అలవాటు, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోవడం కూడా డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన సూచనలే. ఉద్యోగం చేసుకుని బతికే ఒంటరి మనిషికి, మంచాన పడ్డ తల్లిని చూసుకునే ఇల్లాలికి రోజుకు నాలుగుసార్లు కుదరకపోతే ఆ నిజాన్ని ఒప్పుకోవడంలో తప్పులేదు. నేను వద్దనేది, కాళ్లు కదలడం లేదన్న ఒక్క కారణంతో, కారణం తేలకముందే, కళ్లతో పలకరిస్తూ గిన్నెలో అన్నం ఖాళీ చేస్తున్న కుక్కను పంపించేయడాన్ని.

రాత్రిపూట షెల్టర్ గేటుకు కట్టేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమే, కానీ మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకెలు ఇన్ని దశాబ్దాలు మారకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూక్రాస్ లాంటి సంస్థల మీద ఎంత భారం పడుతుందో ఊహించుకోండి. కాలు విరిగిన కుక్క మానాక వెళ్లిపోతుంది. వెన్ను విరిగిన కుక్క ఏళ్ల తరబడి ఉంటుంది, రోజూ దాన్ని నొక్కి పోయించడానికి మనిషి కావాలి. 2002లో ఉదయ్‌పూర్‌లో మొదలైన యానిమల్ ఎయిడ్ అన్‌లిమిటెడ్ కాళ్లు పడిపోయిన కుక్కల కోసం ప్రత్యేకంగా చోటు కేటాయించి జీవితాంతం చూసుకుంటోంది. అక్కడి వీడియోలు చూస్తే కాళ్లు ఈడుస్తూనే ఒకదాన్నొకటి తరుముకునే కుక్కలు కనిపిస్తాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి చోట్లు ఇంకా కావాలి. డబ్బు ఇవ్వలేనివాళ్లు వారానికో పూట వెళ్లి పక్కలు మార్చి, ఒళ్లు కడిగి రావచ్చు.

రెండో జత చేతులు

ఇంట్లో ఒక్కరే ఈ పని చేస్తుంటే వాళ్లకు జ్వరమొచ్చిన రోజున కుక్క ప్రాణం మీదికి వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా, పెళ్లికెళ్లాలన్నా కదలలేరు. కొన్నాళ్లకు ఆ విసుగు కుక్క మీదికి మళ్లుతుంది, అది మంచిది కాదు. మొదటి నెలలోనే ఇంకొకరికి నేర్పండి. మా ఎదురింటి ఇంటర్ చదివే అబ్బాయి నేర్చుకున్నాడు. మొదట్లో వాడి చేతులు వణికాయి, ‘గట్టిగా నొక్కితే ఏమన్నా అవుతుందా ఆంటీ’ అని ప్రతిసారీ అడిగేవాడు. ఇప్పుడు నా కంటే త్వరగా సంచి పట్టుకుంటాడు. మేం ఊరెళ్లేటప్పుడు ఫ్రిజ్ తలుపు మీద వాడి కోసం ఒక కాగితం అంటించి వెళ్తాం. పోయించాల్సిన వేళలు, డాక్టరు ఫోన్ నంబరు, రాత్రి వేయాల్సిన మాత్ర, తోక కింద తప్పకుండా చూడమన్న మాట. చివర్న వాడే పెన్సిల్‌తో ఒక వాక్యం కలిపాడు: ‘బండి నుంచి దించేటప్పుడు నల్ల కుక్క కనపడకుండా చూడాలి, లేకపోతే ఆగదు.’